దస్తావేజు హద్దులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా? కంప్యూటర్ చేత తేల్పించడం ఎలా

"తూర్పు: గెడ్డ. దక్షిణం: గోర్జి. పడమర: ఫలానా వారి జీడితోట. ఉత్తరం: చెరువు." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పాత దస్తావేజు విప్పినా ఇలాంటి నాలుగు ముక్కలు కనిపిస్తాయి. గెడ్డ అంటే వాగు, గోర్జి అంటే సన్నటి దారి. అక్షాంశాలుండవు, రేఖాంశాలుండవు. అయినా చదివినవాడికి విషయం అర్థమవుతుంది. రెండు దస్తావేజులు పక్కపక్కన పెట్టి చదివితే, ఎక్కడ పొసగడం లేదో ఊళ్ళో పెద్దాయన ఇట్టే చెప్పేస్తాడు. ప్రాజెక్టు చేసే విద్యార్థులూ, జీఐఎస్ పని, అంటే కంప్యూటర్ మ్యాపుల పని, నేర్చుకునేవాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటే: ఆ పెద్దాయన చేసే పనిని కంప్యూటర్ చేత చేయించడం ఎలా?

కృత్రిమ మేధలో దీనికి ఒక శాఖే ఉంది. గుణాత్మక స్థల తర్కం అంటారు. కొలతల్లేకుండా, "ఆనుకుని", "లోపల", "విడిగా" లాంటి సంబంధాలతోనే తర్కించడం దీని పని. ఇక్కడ వాడే పద్ధతి పేరు ఆర్‌సీసీ-8. 1992లో రాండెల్, కుయ్, కోన్ అనే ముగ్గురు దీన్ని ప్రతిపాదించారు. సిద్ధాంతం ఇంతతో చాలు. మిగిలింది చేతిపని.

ముందే ఒక హెచ్చరిక. ఈ పద్ధతి "ఈ మాటలన్నీ ఒకేసారి నిజం కాలేవు" అని తేల్చగలదు. "ఈ మాట నిజం" అని తేల్చలేదు. అబద్ధాలు కూడా ఒకదానితో ఒకటి చక్కగా పొసగొచ్చు. నేల మీద హద్దు తేల్చేది సర్వేయరే. దీని ఫలితం పట్టుకుని ఎవరి గట్టూ జరపకండి.

కావలసినవి

పైథాన్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. పైథాన్‌లో షేప్లీ అనే జ్యామితి లైబ్రరీ; ఇది తర్కానికి అక్కర్లేదు, చివర్లో సరిచూసుకోడానికి కావాలి. ఒక గళ్ళ కాగితం, పెన్సిలు. ఐదారు స్థలాల గురించి రాతలో ఉన్న వర్ణన. దొరికితే అవే స్థలాల సర్వే కొలతల పుస్తకం, అంటే ఎఫ్‌ఎంబీ నకలు. మొదటిసారే ఊరంతా నెత్తినేసుకోకండి. ఐదు స్థలాలతో మొదలుపెడితే తప్పు ఎక్కడొచ్చిందో చేత్తో పట్టుకోవచ్చు, యాభైతో మొదలుపెడితే పట్టుకోలేరు.

కోడ్ రాయడం ఇష్టం లేనివాళ్ళకి బ్రెమెన్‌లో తయారైన స్పార్క్ (SparQ), ఫ్రైబుర్గ్‌లో తయారైన జీక్యూఆర్ (GQR) అనే పనిముట్లున్నాయి. కానీ ఒక్కసారైనా సొంతంగా రాసి చూడండి. మొత్తం కలిపినా వంద లైన్లు దాటదు.

1. స్థలాలు ఏవో తేల్చుకోండి

ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. ప్రతి పేరు వెనకా ఏ మేర ఉందో ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి.

"చెరువు" అంటే ఏది? నీరు నిలిచే మేరా, గట్టుతో కలిపిన మేరా, రికార్డులో చెరువు పోరంబోకుగా రాసిన సర్వే నంబరు మొత్తమా? మూడూ వేర్వేరు స్థలాలు. ఒకే పేరు మూడు అర్థాల్లో వాడితే కంప్యూటర్ లేని తగువుని చూపిస్తుంది, లేదా ఉన్న తగువుని దాచేస్తుంది. వానాకాలం నీటి మేర, వేసవి నీటి మేర కూడా ఒకటి కావు. ఏ కాలానిదో రాయండి.

రోడ్డు, గెడ్డ, గట్టు గీతలు కావు. వాటికి వెడల్పుంది. ఆర్‌సీసీ-8లో అన్నీ ఒకే జాతి స్థలాలుగా ఉండాలి, అంటే అన్నీ వైశాల్యం ఉన్న మేరలే. మీ మ్యాపులో గెడ్డ గీతగా ఉంటే దానికి వెడల్పు ఇచ్చి మేరగా మార్చండి. గీతలు గీతలుగానే కావాలంటే ఈ పద్ధతి వదిలి, ఎగెన్‌హోఫర్ తొమ్మిది ఖండనల పద్ధతికి వెళ్ళాలి. రెండూ కలిపి వండకండి.

నాగావళి లాంటి పొడుగాటి వాటిని మొత్తంగా తీసుకుంటే మీకు ఒరిగేదేమీ లేదు. తోట పక్కన పారే ముక్కని విడి స్థలంగా పెట్టుకోండి.

2. ఎనిమిది సంబంధాలకీ అంకెలు కట్టండి

ఏ రెండు స్థలాల మధ్యనైనా సరిగ్గా ఒకటే ఉంటుంది, ఈ ఎనిమిదిలో:

విడి, పుస్తకాల్లో డీసీ, అంకె 1. ఎక్కడా తాకవు. ఇచ్ఛాపురం మండలానికీ విజయనగరం జిల్లాకీ ఉన్న సంబంధం.

అంటు, ఈసీ, అంకె 2. హద్దులు తాకుతాయి, లోపలి నేల కలవదు. శ్రీకాకుళం జిల్లా, విజయనగరం జిల్లా.

చొరబాటు, పీవో, అంకె 4. కొంత నేల ఉమ్మడి, ఒక్కోదానికి సొంతం కూడా కొంత ఉంది. వంశధార పరీవాహక ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా. పరీవాహకంలో కొంత ఒడిశాలో ఉంది, జిల్లాలో కొంత ఆ పరీవాహకం బయట ఉంది.

అంచులోపల, టీపీపీ, అంకె 8. మొదటిది రెండోదాని లోపలే, కానీ ఎక్కడో రెండోదాని హద్దుని తాకుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం మండలం. ఒడిశా వైపు హద్దు రెండింటికీ ఒకటే.

నడిలోపల, ఎన్‌టీపీపీ, అంకె 16. లోపలే, హద్దుని ఎక్కడా తాకదు. విజయనగరం జిల్లాలో విజయనగరం కోట.

తిరగేసిన అంచులోపల, టీపీపీఐ, అంకె 32. తిరగేసిన నడిలోపల, ఎన్‌టీపీపీఐ, అంకె 64. ఒకటే, ఈక్యూ, అంకె 128.

ఈ అంకెలు ఊరికే ఇచ్చినవి కావు. సందేహం ఉన్నప్పుడు కూడుకోవచ్చు. "లోపల ఉంది, అంచు తాకుతుందో లేదో తెలీదు" అంటే 8 + 16 = 24. "ఏమీ తెలీదు" అంటే ఎనిమిదీ కలిపి 255. తర్కం నడుస్తుండగా 0 వచ్చిందంటే ఏ సంబంధమూ మిగల్లేదని, అంటే వైరుధ్యం.

3. వాక్యాల్ని అంకెలుగా మార్చండి

"ఆనుకుని", "హద్దు", "సరిహద్దు": 2. "లో", "లోపల": 24. "మొత్తం చుట్టూ ఉంది" అని స్పష్టంగా ఉంటేనే 16. "లోంచి గోర్జి పోతుంది": గోర్జి అటూ ఇటూ బయటికి సాగితే 4. "ఆక్రమించారు": సగం లోపలికొచ్చారో పూర్తిగానో తెలీదు కనుక, ఆక్రమించినవాడి స్థలం నుంచి చూస్తే 4 + 8 + 16 = 28.

"పక్కన" అన్నమాటతో జాగ్రత్త. మన వాడుకలో పక్కన అంటే ఆనుకుని ఉండొచ్చు, మధ్యలో ఇంకో మడి ఉండొచ్చు. 3 వేయండి, అంటే విడి లేదా అంటు. "దగ్గర", "కూతవేటు దూరం" లాంటివి ఈ పద్ధతికి అందవు. విడదీసి పక్కన పెట్టండి, బలవంతంగా 1 వేయకండి.

అసలు పెద్ద తప్పు వేరే ఉంది. దస్తావేజు ఏదైనా జత గురించి మాట్లాడకపోతే, చాలామంది "తాకవు కాబోలు" అని 1 వేసేస్తారు. చెప్పకపోవడం తెలీకపోవడమే. 255 వేయాలి. చాలా దొంగ వైరుధ్యాలు ఈ 1 వల్లే పుడతాయి.

వాక్యాల్ని అంకెలుగా మార్చే ఈ ఒక్క మెట్టులో భాషా మోడల్ సాయం తీసుకోవచ్చు, ప్రతి వరసా మీరు మళ్ళీ చదువుతారంటేనే. తర్కం మాత్రం దానికి వదలకండి. నమ్మకంగా తప్పు చెప్పడం దానికి వచ్చు, ఎక్కడ తప్పిందో చూపించడం రాదు.

4. చదరపు పట్టిక నింపండి

స్థలాలు ఐదైతే ఐదు వరసలు, ఐదు నిలువులు. మూల నుంచి మూలకు వికర్ణంలో అంతటా 128. తెలిసిన చోట మీ అంకెలు, మిగతా అంతటా 255.

ఒక వైపు రాస్తే రెండో వైపు తప్పక తిప్పి రాయాలి. తిప్పడమంటే 8ని 32గా, 16ని 64గా, 32ని 8గా, 64ని 16గా మార్చడం. 1, 2, 4, 128 అలాగే ఉంటాయి. 24ని తిప్పితే 96. 28ని తిప్పితే 100. మొత్తం అంకెని కాక, అందులో ఉన్న ఒక్కొక్కదాన్నీ తిప్పాలి.

5. కూర్పు పట్టిక ఎక్కించండి

తోటకీ చెరువుకీ సంబంధం తెలుసు, చెరువుకీ పోరంబోకుకీ సంబంధం తెలుసు. తోటకీ పోరంబోకుకీ ఏమేం కుదురుతాయి? ఈ జవాబులన్నీ 64 గళ్ళ పట్టికలో ఉంటాయి. అదే కింద ఉంది. మొదటి సంబంధం వరస, రెండోది నిలువు. నిలువుల క్రమం 1, 2, 4, 8, 16, 32, 64, 128.

1 వరస: 255, 31, 31, 31, 31, 1, 1, 1
2 వరస: 103, 175, 31, 30, 28, 3, 1, 2
4 వరస: 103, 103, 255, 28, 28, 103, 103, 4
8 వరస: 1, 3, 31, 24, 16, 175, 103, 8
16 వరస: 1, 1, 31, 16, 16, 31, 255, 16
32 వరస: 103, 102, 100, 172, 28, 96, 64, 32
64 వరస: 103, 100, 100, 100, 252, 64, 64, 64
128 వరస: 1, 2, 4, 8, 16, 32, 64, 128

టైపు చేశాక మూడు పరీక్షలు పెట్టండి. 255 మూడు చోట్లే రావాలి. 128 వరసా 128 నిలువూ ఉన్నదాన్ని ఉన్నట్టే తిరిగివ్వాలి. మూడోది గట్టి పరీక్ష: ఏ గడి తీసుకున్నా, దాని జవాబుని తిప్పితే వచ్చేది, రెండు సంబంధాల్నీ తిప్పి వాటి క్రమం మార్చి చూసిన గడిలో ఉండాలి. ఉదాహరణకి 2 వరస, 16 నిలువు: 28. తిప్పితే 100. అటు 64 వరస, 2 నిలువు చూడండి: 100. సరిపోయింది. 64 గళ్ళకీ ఈ పరీక్ష కోడ్‌తోనే నడపండి. ఒక్క అంకె తప్పు పడినా సాధారణంగా ఇక్కడ దొరికిపోతుంది.

గడిలో ఒకటికి మించి సంబంధాలుంటే, ఉదాహరణకి 24 పక్కన 2, అప్పుడు 8 పక్కన 2 వేరుగా, 16 పక్కన 2 వేరుగా చూసి రెండు జవాబుల్నీ కలపాలి. 3, 1; కలిపితే 3. ఇక్కడ "కలపడం" అంటే కూడిక కాదు, బిట్ల వారీగా "లేదా": రెండు జవాబుల్లో ఏ ఒక్కదాంట్లో ఉన్న సంబంధాన్నైనా ఒక్కసారే ఉంచడం. 3 + 1 అని కూడితే 4 వచ్చి, అర్థం చొరబాటుగా మారిపోతుంది. కోడ్‌లో ఎంత వెతికినా కనపడని తప్పుల్లో ఇదొకటి.

6. వడపోత నడపండి

దీన్ని పాత్ కన్సిస్టెన్సీ అంటారు. ప్రతి మూడు స్థలాల గుంపుకీ ఇలా చేయాలి: మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఇప్పుడున్న అంకె తీసుకోండి. మొదటిది–రెండోది, రెండోది–మూడోది అంకెల కూర్పు పట్టిక నుంచి తీయండి. రెండింటిలోనూ ఉన్నవి మాత్రం ఉంచండి, అంటే బిట్ల వారీగా "మరియు". అంకె మారితే తిప్పిన గడిని కూడా మార్చండి. ఒక చుట్టంతా తిరిగినా ఏ గడీ మారకపోతే ఆపండి. ఎక్కడైనా 0 వస్తే అక్కడే ఆపి, ఏ మూడు స్థలాల దగ్గర వచ్చిందో అచ్చు వేయించండి.

ఒక్క చుట్టుతో ఆపేయడం మామూలు తప్పు. ఒక గడి తగ్గితే దాని వల్ల ఇంకోటి తగ్గుతుంది, అందుకే మార్పు ఆగేదాకా తిరగాలి. ఐదు స్థలాలకి చుట్టుకి 125 గుంపులే కనుక వేగం గురించి ఆలోచన అక్కర్లేదు. వందలు దాటాక, మారిన గళ్ళని వరసలో పెట్టి వాటినే మళ్ళీ చూడండి.

7. ఈ ఉదాహరణతో మీ కోడ్ సరిచూసుకోండి

స్థలాలు ఐదు: జీడితోట, చెరువు నీటి మేర, చెరువు పోరంబోకు, బావి, గోర్జి. వర్ణనలో ఉన్న మాటలు:

తోట చెరువు నీటిని ఆనుకుని ఉంది: తోట–నీటి మేర 2.
నీటి చుట్టూ గట్టు ఉంది, గట్టు పోరంబోకులోదే: నీటి మేర–పోరంబోకు 16.
బావి తోటలో ఉంది: బావి–తోట 24.
గోర్జి తోటకి హద్దు: గోర్జి–తోట 2.
మిగతావి 255.

వడపోత అయ్యాక మీకు రావలసినవి: తోట–పోరంబోకు 28. బావి–నీటి మేర 3. బావి–పోరంబోకు 31. గోర్జి–బావి 3. గోర్జి–నీటి మేర 175. గోర్జి–పోరంబోకు 31. ఒక్కటి తేడా వచ్చినా ముందుకెళ్ళకండి, ఐదో మెట్టుకి తిరిగి వెళ్ళండి.

ఇప్పుడు ఆ 28 ఏమంటోందో చదవండి. చొరబాటు, అంచులోపల, నడిలోపల, మూడే మిగిలాయి. ఎవరూ చెప్పని మాట అది: తోట పోరంబోకులోకి వచ్చేసింది. నీటి చుట్టూ పోరంబోకు ఉన్నప్పుడు, నీటిని తాకాలంటే పోరంబోకు దాటాలి కదా. పెద్దాయన నోటితో చెప్పేది ఇదే.

తర్వాత ఇంకో దస్తావేజులో "తోటకి ఉత్తరం హద్దు చెరువు పోరంబోకు" అని దొరికిందనుకోండి. తోట–పోరంబోకు 2 వేసి మళ్ళీ నడపండి. 0 రావాలి. రెండు దస్తావేజులూ, "చుట్టూ గట్టు" అన్న మాటా ఒకేసారి నిలవవు.

నీటి మేర–పోరంబోకు 16ని సడలించి 24 చేయండి, "లోపలే కానీ అంచు తాకుతుందో లేదో తెలీదు" అని. మళ్ళీ నడిపితే 0 రాదు. పైగా ఆ 24 తగ్గి 8 అవుతుంది. అంటే కంప్యూటర్ అంటోంది: మిగతా మాటలు నిజమైతే, నీళ్ళు ఎక్కడో పోరంబోకు అంచుదాకా వచ్చి తీరాలి, అక్కడ గట్టు లేదు. వెళ్ళి చూడాల్సిన చోటు దొరికింది. బావి–పోరంబోకు కూడా 3కి తగ్గుతుంది. బావి పోరంబోకులో లేదు. ఈ పద్ధతి వల్ల అసలు లాభం ఇలాంటి చోట ఉంది: నేల మీదకెళ్ళే ముందే ఏం చూడాలో చెబుతుంది.

8. దిక్కుల్ని వేరే పట్టికలో పెట్టండి

ఆర్‌సీసీ-8కి తూర్పూ పడమరా తెలీవు. దిక్కులు కావాలంటే ప్రతి స్థలానికీ నడిమి బిందువు ఊహించి, తూర్పు–పడమర వరసకో పట్టిక, ఉత్తరం–దక్షిణం వరసకో పట్టిక పెట్టండి. తూర్పుకి గానీ ఉత్తరానికి గానీ వెళ్ళేకొద్దీ విలువ పెరుగుతుందనుకోండి: తక్కువ 1, సమానం 2, ఎక్కువ 4. కూర్పు చాలా తేలిక: తక్కువ పక్కన తక్కువ తక్కువే, ఎక్కువ పక్కన ఎక్కువ ఎక్కువే, సమానం ఏదుంటే అదే ఇస్తుంది, తక్కువ పక్కన ఎక్కువ గానీ ఎక్కువ పక్కన తక్కువ గానీ వస్తే 7, అంటే ఏదైనా. వడపోత కోడ్ అదే; కూర్పు పట్టికా, తిప్పే తీరూ మారతాయి: ఇక్కడ తిప్పితే 1 కాస్తా 4, 4 కాస్తా 1 అవుతాయి, 2 అలాగే ఉంటుంది, వికర్ణంలో అంతటా 2.

"తూర్పు హద్దు చెరువు" అంటే చెరువు నడిమి బిందువు తోటకంటే తూర్పున ఉందని. తూర్పు–పడమర పట్టికలో చెరువు–తోట 4, ఉత్తరం–దక్షిణం పట్టికలో 7. రెండో దాంట్లో 2 వేసి "సరిగ్గా తూర్పు" అని బిగించేస్తే తప్పు. దస్తావేజు రాసినవాడు దిక్సూచి పట్టుకు రాయలేదు, ఈశాన్యమూ ఆగ్నేయమూ కూడా అతనికి తూర్పే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కనుక సముద్రం నిజానికి ఆగ్నేయం వైపు. వాడుకలో మాత్రం తూర్పు. ఇచ్ఛాపురం వైపు హైవే పోయేది ఈశాన్యానికి, వాడుకలో ఉత్తరం. వాడుక మాటకి వదులుగా ఉండే అంకె వేస్తేనే తర్కం నిలుస్తుంది.

తోటని మూడు వైపులా చుట్టుకున్న చెరువుకి నడిమి బిందువు ఎక్కడ పడుతుందో చెప్పలేం. అలాంటి స్థలాల్ని దిక్కుల పట్టికలోంచి తీసేయండి, లేదా ముక్కలు చేయండి. గెడ్డలో ఓ ముక్క అడ్డంగా కోసి తీస్తే, అది మొత్తం గెడ్డకి అంచులోపల అవుతుంది, ఎందుకంటే రెండు ఒడ్లూ తాకుతుంది. అక్కడ 8 వేయొచ్చు.

"ముందు", "వెనక", "ఇవతల", "అవతల" వచ్చినప్పుడు ఎవరి ముందో తేల్చకుండా దిక్కు వేయకండి. "గుడి ముందు" అనగానే తూర్పు అని మాటల్ని అంకెలుగా మార్చే జాబితాలో రాసేస్తారు. చాలా గుళ్ళకి చెల్లుతుంది. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు; అక్కడ "స్వామి ముందు" అంటే పడమర. "గెడ్డ అవతల" అన్నది చెప్పేవాడు ఏ ఒడ్డున నిలబడ్డాడో దాన్నిబట్టి మారుతుంది. చెప్పినవాడి ఊరు తెలిస్తేనే దిక్కు వేయండి, లేకపోతే 7, 7.

9. మ్యాపుతో సరిచూడండి

ఎఫ్‌ఎంబీ నుంచి గీసిన మేరలుంటే, షేప్లీలో రిలేట్ అనే ఫంక్షన్ రెండు మేరలకి తొమ్మిది గుర్తుల వరస ఇస్తుంది. దాన్నిబట్టి అంకె తేల్చి మీ పట్టికతో పోల్చండి. మ్యాపు చెప్పిన సంబంధం మీ గడిలో మిగిలినవాటిలో ఒకటై ఉండాలి. లేకపోతే వాక్యమో మ్యాపో తప్పు.

ఇక్కడ విత్‌ఇన్ అనే ఫంక్షన్‌ని నమ్ముకుని చాలామంది బోర్లా పడతారు. అది అంచులోపలకీ, నడిలోపలకీ, ఒకటేకీ మూడింటికీ "అవును" అనే అంటుంది. మన ఉదాహరణలో మొత్తం కథ నడిచింది 8కీ 16కీ ఉన్న తేడా మీదే. వరసలో అయిదో గుర్తు చూడండి, అది హద్దూ హద్దూ కలిసే చోటు. లోపల ఉన్న స్థలానికి అయిదో గుర్తు ఎఫ్ అక్షరమైతే నడిలోపల, అంకె ఉంటే అంచులోపల. హద్దులు ఒక గీత పొడవునా కలిస్తే ఆ అంకె 1, ఒక్క బిందువు దగ్గరే తాకితే 0. మూలకి మూల తాకినా ఆర్‌సీసీ-8 లెక్కలో అది "అంటు" కిందకే వస్తుంది.

రెండో గొయ్యి: పక్క పక్క చేలని విడివిడిగా గీస్తే వాటి గీతలు ఎప్పుడూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడవు. సెంటీమీటరు ఖాళీ ఉంటే విడి అంటుంది, సెంటీమీటరు ఎక్కితే చొరబాటు అంటుంది. "అంటు" అనేది దాదాపు రానే రాదు. ముందు గీతల్ని ఒకదానికొకటి అతికించండి. షేప్లీలో స్నాప్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్‌లో కూడా అదే పేరుతో ఉంటుంది. ఎంత దూరం దాకా అతికించాలన్నది మీ స్థలాల్లో అన్నిటికంటే సన్నటిదాన్నిబట్టి. మూడు మీటర్ల గోర్జి ఉంటే అర మీటరు చాలు. మూడు మీటర్లు పెట్టారో, గోర్జి మాయమై రెండు వైపుల చేలూ అంటుకుపోతాయి.

మూడోది శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి. మీటర్లలో పనిచేయడానికి యూటీఎం వాడతారు; భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొట్టి కొలిచే పద్ధతి అది. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది, 44 నుంచి 45కి. ఆ రేఖ శ్రీకాకుళం పట్టణానికి కొంచెం తూర్పుగా జిల్లాని కోసుకుంటూ పోతుంది. శ్రీకాకుళం 44లో, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. విజయనగరం వాళ్ళకి ఈ బెడద లేదు, 44 ఒక్కటే. రేఖకి రెండు వైపులా చేలుంటే అన్నిటినీ ఒకే జోన్‌లోకి మార్చి ఆ తర్వాతే పోల్చండి. లేకపోతే ఆనుకుని ఉన్న చేలు కూడా వందల కిలోమీటర్ల దూరంలో కనిపిస్తాయి.

10. వడపోత సరే అన్నా, వెతుకులాట చేయండి

గళ్ళలో ఒకటికి మించి సంబంధాలు మిగిలినప్పుడు, వడపోత 0 ఇవ్వకపోయినంత మాత్రాన అంతా పొసిగినట్టు కాదు. 256 కలయికల్లో 148 ఉన్న ఒక గుంపు దాటకపోతే వడపోత జవాబు ఖాయమని రెంజ్, నేబెల్ 1999లో చూపించారు. దాటితే వెతకాల్సిందే: ఒక గడి తీసుకుని, అందులో ఒక సంబంధం మాత్రం ఉంచి, మళ్ళీ వడపోత. 0 వస్తే వెనక్కి వచ్చి ఇంకోటి. అన్ని గళ్ళలోనూ ఒక్కొక్కటే మిగిలి, 0 రాకపోతే పొసిగినట్టే. ఏ గుంపో చూసుకునే బదులు ఎప్పుడూ వెతుకులాట చేయడమే మంచిది. చిన్న పట్టికలకి క్షణం పట్టదు. గడి ఎంచుకునేటప్పుడు తక్కువ సంబంధాలున్నది ముందు తీసుకోండి.

అప్పుడు కూడా ఒక చిల్లు మిగులుతుంది. ఆర్‌సీసీ-8 దృష్టిలో ఒక స్థలం విడివిడి ముక్కలుగా ఉండొచ్చు. మీ తోట ఒకే ముక్క. ముక్కలైతేనే కుదిరే అమరికని కూడా ఇది "కుదురుతుంది" అనేస్తుంది. అందుకే తుది జవాబుని గళ్ళ కాగితం మీద ఒక్కసారి గీసి చూడండి. ఒక్కో స్థలాన్నీ ఒకే ముక్కగా గీయలేకపోతే, ఆ జవాబు పక్కన ఆ మాట రాయండి.

0 వస్తే ఏ వాక్యం దోషం?

0 వచ్చిన గడిలో ఉన్న వాక్యమే తప్పని అనుకోకండి. మీ కోడ్ ఆ గడికి ముందు చేరింది, అంతే. స్థలాల క్రమం మార్చి నడిపితే 0 ఇంకో చోట పడొచ్చు. "వైరుధ్యం ఉంది" అన్న తీర్పు మాత్రం క్రమం మార్చినా మారకూడదు. మారితే కోడ్‌లో తప్పుంది, చాలాసార్లు తిప్పిన గడిని మార్చడం మరచిపోవడమే.

దోషిని పట్టుకోడానికి వాక్యాల్ని ఒక్కొక్కటే తీసి 255 చేసి నడపండి. ఏది తీస్తే 0 పోతుందో గుర్తు పెట్టుకోండి. మన ఉదాహరణలో మూడు వాక్యాల్లో ఏది తీసినా పోతుంది: తోట నీటిని ఆనుకుంది, నీటి చుట్టూ పోరంబోకు ఉంది, తోట పోరంబోకుని ఆనుకుంది. బావి గురించి, గోర్జి గురించి ఉన్నవి తీసినా 0 పోదు. వాటికి ఈ తగువుతో సంబంధం లేదు. ఏది తీసినా పోకపోతే వైరుధ్యాలు ఒకటికి మించి ఉన్నాయి. జతలుగా తీసి చూడండి.

నివేదికలో "దస్తావేజు తప్పు" అని రాయకండి. ఆ మూడు వాక్యాల్నీ వరసగా రాసి, ఏది ఏ కాగితంలోదో, ఏ సంవత్సరందో, ఏ అంకెగా మార్చారో పక్కన పెట్టండి. నీటి మేర ఏ కాలానిదో అడుగున రాయండి. సర్వేయరుకి కావలసింది ఆ పేజీయే.